ప్రేమకథయు గృహచరిత్రమే

కొండగట్టు దాపున కాపురముండు ఒక మిత్రులు, పుస్తకములయందు ప్రీతి గలవారు, మమ్ము రెండు ప్రశ్నలు అడిగియున్నారు. జీవితమును ఉన్నదున్నట్లు చూపు నవలలు ఏవి అనునది మొదటిది; మంచి ప్రేమకథలు ఏవి అనునది రెండవది. మొదటివి తమకొరకు, రెండవవి తమ ఇంటి పిల్లలకొరకు అని వారి అభిప్రాయము. ఆ ఇంట కళాశాలలో చదువుచున్న కుమార్తెయు, పెండ్లియీడు వచ్చిన కుమారుడును ఉన్నారు. రెండు ప్రశ్నలకు రెండు పట్టికలు వ్రాసి పంపుట సులభమే. కాని అట్లు పంపినచో మేము వారికి పెడదారి చూపినవారమగుదుము. ఏలన, తెలుగు నవల పుట్టిననాటినుండి ఈ రెండు జాతులును ఒకే అలమారలో నున్నవి.

ఇద్దరు మనుష్యులు ఒకరినొకరు కోరుకొనునప్పుడు వారి నడుమ అడ్డుగా నిలుచునది ఏదో చూపని కథ ప్రేమకథ కాజాలదు. ఆ అడ్డు ధనమా, కులమా, వైధవ్యమా, దొరతనమా, తల్లిదండ్రుల పంతమా అని విప్పి చూపినచో ఆ కథ అప్పుడే వాస్తవ నవల అగును. అటులనే, ఇంటి లెక్కలను, ఊరి వ్యవహారమును ఎంత వివరముగ వర్ణించినను, ఆ ఇంటిలోని మనుష్యులు ఎవరిని ప్రేమించిరో, ఎవరి ప్రేమ దొరకక కృశించిరో చెప్పని నవల సగము చెప్పినట్లే. ఈ మాటను మా మిత్రుల ప్రాంతపు చరిత్రతోనే నిరూపింప యత్నించెదము.

కొండగట్టు 2016 వరకు కరీంనగరము జిల్లాలోనిది. ఇప్పుడు జగిత్యాల జిల్లాలోనిది. అంజన్న కొండగా తెలంగాణమంతట ప్రసిద్ధము. ఆ కొండచుట్టు నున్న నేల అక్షరమునకు కొత్తది కాదు. పదవ శతాబ్దమున వేములవాడ చాళుక్యుల కొలువులో, రెండవ అరికేసరి ఆశ్రయమున, కన్నడ ఆదికవి పంపడు భారతకథను కావ్యముగ రచించెను. అతని తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల చెంత బొమ్మలగుట్టపై వేయించిన శాసనమున సంస్కృత కన్నడములతోపాటు తెలుగు కందపద్యములు కలవు. తెలుగున మనకు దొరకిన తొలి కందములలో నవి లెక్కకు వచ్చుచున్నవి. అనగా ఈ గుట్టల నడుమ వేయి సంవత్సరములుగ వ్రాత యున్నది. కాని ఆ వ్రాతయందు ఉన్నది రాజు, రాజుయొక్క శౌర్యము, దేవుడు, దాతయొక్క కీర్తి. పంపడు తన రాజును అర్జునునితో సరిపోల్చి పొగడెను. ఆ రాజు పొలము దున్నిన కాపు, ఆ కాపు ఇంట కడపట భోజనము చేసిన కోడలు ఆ శిలలపై ఎక్కలేదు. వారిని వ్రాతలోనికి ఎక్కించుటకు తొమ్మిది వందల ఏండ్లు పట్టినది. ఆ పని చేసినది నవల.

అంతవరకు పల్లెజనులకు కథలు లేవని కాదు. జాతరలలో అమ్ముడుపోయిన చిన్నపుస్తకములలో బాలనాగమ్మ కథయు, మదనకామరాజు కథయు ఉండెడివి. చదువు వచ్చిన వాడొకడు అరుగుపై కూర్చుండి చదువగా పదిమంది వినెడివారు. ఆ కథలలో ప్రేమ యున్నది, వియోగమున్నది, సాహసమున్నది. కాని బాలనాగమ్మకు అడ్డు వచ్చినవాడు మాయల ఫకీరు. మన ఇంటి ఆడపిల్లకు అడ్డు వచ్చువాడు మాయల ఫకీరు కాడు గదా! కన్నతండ్రి కావచ్చును, మేనమామ కావచ్చును, ఊరి దొర కావచ్చును. మాంత్రికుని ప్రాణము చిలుకలో నుండును గనుక చిలుకను చంపిన సరిపోవును. ఆచారముయొక్క ప్రాణము ఎక్కడ నున్నదో వెదకుట అంత తేలిక కాదు.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. కొండగట్టునకు మొక్కులు తీర్చుకొనుటకు, సంతానము కోరుకొనుటకు, హనుమద్దీక్ష విరమించుటకు జనులు వేలకొలది వత్తురు. వారితోపాటు, గాలి సోకినదని, దయ్యము పట్టినదని చెప్పబడు వారినికూడ బంధువులు తెచ్చి కొన్నిదినములు కొండపై నుంచుట చిరకాలముగ నున్న వాడుక. భక్తిని మేము ఆక్షేపింపము. కొండపై దొరకు విశ్రాంతియు, నలుగురి తోడును మనస్సునకు ఊరట నిచ్చుటయు సంభవమే. కాని చెప్పుకొనుటకు మాటలు లేని దుఃఖము ఎంత తరచుగ దయ్యమను పేరు పొందుచున్నదో ఆలోచింపుడు. ఇష్టములేని పెండ్లి, చిన్ననాటి వైధవ్యము, భర్త నిరాదరణ, చచ్చిన బిడ్డ — ఇవి ఏవియు నోట పలుకరాని ఇంటిలో, ఆడుది ఒకనాడు జుట్టు విరబోసికొని ఊగినచో, వెంటనే మంత్రగానిని పిలుతురు. నవల మంత్రగాని వలె రాదు. పక్కన కూర్చుండి, అమ్మా, నీకేమైనది అని అడుగును. తెలుగున తొలినాటి ప్రసిద్ధ నవల ఈ ప్రశ్నతోనే పుట్టినదనిన అతిశయోక్తి కాదు.

కందుకూరి వీరేశలింగము పంతులు రాజశేఖర చరిత్రమును 1878లో తమ వివేకవర్ధని పత్రికలో ప్రకటింప నారంభించి, 1880లో గ్రంథముగ వెలువరించిరి. ధవళేశ్వరమున కలవాడై యుండిన ఒక గృహస్థు ముఖస్తుతులు చేయువారిని, జ్యోతిషులను, భూతవైద్యులను, బంగారము చేసి యిత్తునను బైరాగిని నమ్మి యెట్లు చెడెనో అందు చెప్పబడినది. గోల్డుస్మిత్తు ఆంగ్ల నవల పంతులుగారికి మార్గము చూపినను, ఇల్లు మాత్రము మన ఇల్లే. వంటగది మాటలు మన మాటలే. ఆ పుస్తకమునకు 1887లో ఆంగ్లానువాదముకూడ వచ్చెను. దానికి ముందే, 1872లో, నరహరి గోపాలకృష్ణమ సెట్టి వ్రాసిన శ్రీరంగరాజ చరిత్రము కలదు. దానికి సోనాబాయి పరిణయమని రెండవ పేరు. మొదటి నవల ఏది అను వాదమును పండితులకు విడుతము. మాకు కావలసినది ఒక్కటే: ఒక దాని పేరులోనే పరిణయమున్నది, రెండవది ఒక ఇంటి చరిత్రము. తెలుగు నవల పెండ్లి పీటలపై, ఇంటి గడపలో పుట్టినది.

రాజశేఖర చరిత్రము గ్రంథముగ వచ్చిన మరుసటి యేడే, 1881 డిసెంబరు 11న, పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిరి. కథ వ్రాసిన చేయియు, పెండ్లి జరిపించిన చేయియు ఒక్కటే. నవలను కాలక్షేపమని తలచువారు ఈ సామీప్యమును గమనింపవలెను. మనుష్యుల మనస్సు మొదట కథలో ఒక సంగతికి అలవాటుపడును. పిదప ఇంటిలో దానిని సహించును.

ఇది మన దేశమందే జరిగినది కాదు. రాజశేఖర చరిత్రము పత్రికలో ప్రారంభమైన 1878లోనే రష్యాలో టాల్‌స్టాయి యొక్క అన్నా కెరనీనా గ్రంథరూపమున వెలువడినది. ప్రేమలేని వివాహమును విడిచిన ఒక స్త్రీని సంఘము ఎట్లు నలిపివేసినదో అందు కలదు. అంతకు ఇరువది యేండ్ల ముందు, 1857లో, ఫ్రాన్సున ఫ్లోబేరు తన మదాం బోవరీ కొరకు న్యాయస్థానమున నిలువవలసి వచ్చి నిర్దోషిగ విడుదల పొందెను. మన పొరుగు మలయాళమున చందు మేనోను 1889లో ఇందులేఖను వ్రాసి, చదువుకొన్న పడుచు తాను కోరినవానినే పెండ్లాడుటకై పెద్దల యేర్పాటును ఎదిరించుటను చూపెను. ఇన్ని దేశములయందు, ఇన్ని భాషలయందు, వాస్తవ నవల తలయెత్తిన చోటనెల్ల పెండ్లి ప్రశ్న యుండుట కాకతాళీయము కాదు. ధనము, అధికారము, మతము, కులము అన్నియు ఒకేమారు ఇంటిలోనికి వచ్చి కూర్చుండు ఘడియ పెండ్లి ఘడియయే గదా.

మరి కొండగట్టు సీమకు ఈ నవల యెప్పుడు వచ్చినది? ఇచ్చట మన చరిత్ర కోస్తా జిల్లాల చరిత్రకంటె వేరు. కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు 1948 వరకు నిజాము రాజ్యమున నుండెను. పాఠశాలలలో ఉర్దూ ప్రధానము. తెలుగు ఇంటిభాష, బజారుభాష. కనుక ఈ సీమలో చదువుకొన్న పురుషునకు వాస్తవ నవల మొదట ఉర్దూలో అందుబాటులో నుండెను. 1869లో మిరాతుల్ ఉరూస్ వ్రాసిన నజీరు అహమ్మదు పిదప హైదరాబాదు రాజ్యమున ఉద్యోగము చేసినవాడు. అక్బరి, అస్గరి అను ఇద్దరు అక్కచెల్లెండ్ర కాపురములను పోల్చి, చదువు వచ్చిన ఆడపిల్ల ఇంటిని ఎట్లు నిలుపునో అతడు చూపెను. లక్నో నగరపు ఒక వేశ్య తన కథను తానే చెప్పినట్లు 1899లో ఉమ్రావ్ జాన్ అదా రచించిన మిర్జా రుస్వా ఉస్మానియా విశ్వవిద్యాలయపు అనువాద శాఖలో పనిచేసి 1931లో హైదరాబాదుననే మరణించెను. ఇట్టి పుస్తకములు పురుషుల చేతులలో నున్నవి. ఉర్దూ రాని ఇల్లాండ్రకు, తెలుగు పుస్తకము ఊరిలోనికి రానంత కాలము, అరుగుమీది కథలే దిక్కు.

ఆ పుస్తకమును తెచ్చుటకై ఎందరో పాటుపడిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర భాషానిలయము వెలసెను. 1906లో విజ్ఞానచంద్రికా మండలి పుట్టెను. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను ప్రారంభించిరి. 1930లో జోగిపేటలో నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ మొదటిమారు కూడినది. దానితోపాటు మహిళాసభయు జరిగినది. 1935లో అదే మహాసభ మన కరీంనగరము జిల్లా సిరిసిల్లలో, మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన జరిగినది. సభలు జరుపుకొనుటకు ముందుగ సర్కారు అనుమతి పొందవలెనను గస్తీ నిషాన్ 53 ఉత్తరువు అమలులో నుండిన దినములవి. గ్రంథాలయము స్థాపించుటకూడ అనుమానమునకు కారణమగుచుండెను.

ఆ కాలమున వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాలను నెలకొల్పి, పుస్తకములను తానే మోసికొని ఊరూర తిరిగి అమ్మెను. అతడు వంటమనిషిగా పనిచేసి బ్రతికినవాడు, జైలు ననుభవించినవాడు. పుస్తకము ధనికుని అలంకారము కాదని, అది కూలివాని చేతికికూడ అందవలెనని నమ్మినవాడు. పిమ్మట అతడే ప్రజలమనిషి అను నవల వ్రాసెను. తెలంగాణపు పల్లె, దాని దేశముఖు, దాని వెట్టి, అందులోనుండి లేచిన కంఠీరవము అను యువకుడు అందు కలరు. అతడు 1961లో మరణించు నాటికి గంగు అను మరియొక నవల అసంపూర్ణముగ మిగిలినది. పుస్తకములను మోసినవాడే పుస్తకములను వ్రాయుట తెలంగాణపు నవలకు దక్కిన గౌరవము.

ఇక మా మిత్రులు అడిగిన పుస్తకముల మాటకు వత్తుము. మొదట వారి ఇంటికి మేము పంపదలచినది అబల జీవితము. ఇది మరాఠీలో హరి నారాయణ ఆప్టే రచించిన పణ్ లక్షాంత కోణ్ ఘేతో అను నవలకు తెలుగు. కాని ఎవరు పట్టించుకొందురు అని ఆ మరాఠీ పేరునకు అర్థము. ఆప్టే దీనిని 1890 మొదలు తన కరమణూక వారపత్రికలో ప్రకటించెను. తెలుగు చేసినవారు పాములపర్తి వేంకట నరసింహారావుగారు; కరీంనగరము జిల్లా వంగరకు దత్తు వచ్చి, 1957లో మంథని నుండి శాసనసభకు ఎన్నికై, 1991లో దేశమునకు ప్రధానియైనవారు. వారు విశ్వనాథవారి వేయిపడగలను సహస్రఫణ్ అను పేరుతో హిందీ చేసిన సంగతి పలువురకు తెలియును. ఈ మరాఠీ నవలను తెలుగు చేసిన సంగతి తక్కువమందికి తెలియును. యమున అను పడుచు తన కథను తానే చెప్పుకొనును. ఆమెకును భర్తకును నడుమ చదువు పెంచిన ప్రేమ కలదు. అతడు ఆమెకు అక్షరములు నేర్పి, ఆమెను తోటి మనిషిగ చూచును. అతడు మరణించిన పిమ్మట అదే ఇంటివారు ఆమెను వితంతువుగ మాత్రమే చూతురు. ఇది ప్రేమకథయా, వాస్తవ నవలయా? మా మిత్రులే నిర్ణయింతురు గాక. ఈ కథలో మాంత్రికుడు లేడు. ఉన్నవారందరు ఆచారమును పాటించు సామాన్యులే. అందుకే అది భయంకరము.

రెండవది ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి. ఉన్నవవారు గుంటూరున వితంతు వివాహములకు పాటుపడినవారు. భార్య లక్ష్మీబాయమ్మగారితో కూడి స్త్రీవిద్యకై శారదానికేతనమును నడిపినవారు. స్వాతంత్ర్యోద్యమమున చెరసాలకు పోయి అచ్చట ఈ నవలను వ్రాసిరి. 1922లో అచ్చయిన పిదప మద్రాసు ప్రభుత్వము దీనిని నిషేధించెను. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన తరువాతగాని అది పూర్తిగ చెర వీడలేదు. సంగదాసు అను హరిజన యువకుని త్యాగమే ఇందు ప్రధానకథ. సంగవిజయమని దీని రెండవ పేరు. కాని సంగదాసు స్నేహితుడు రామానాయుడు, అతని భార్య కమల మరియొకనితో వెడలిపోవుట, పిదప ఆ కుటుంబముయొక్క మనస్తాపము — ఇవియు ఆ నవలలోనివే. కులమును గూర్చి వ్రాయ కూర్చున్న గ్రంథకర్త భార్యాభర్తల ప్రేమను గూర్చియు వ్రాయవలసి వచ్చెను. ఏలన, ఊరు మారినప్పుడు ఇల్లు మారక తప్పదు.

మూడవది అడివి బాపిరాజుగారి నారాయణరావు. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయపు నవలా పోటీలో ఇదియు, విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలును బహుమానమును పంచుకొన్నవి. జమీందారు కుమార్తె శారద, తన యోగ్యతకు తక్కువయని తలచిన భర్తను క్రమముగ ప్రేమించుట ఇందలి కథ. పెద్దలు చేసిన పెండ్లిలో ప్రేమ తనంతట తాను మొలవదు, దానిని పెంపవలెను అను మాటను ఇంత మృదువుగ చెప్పిన నవల మన భాషలో అరుదు. పెండ్లియీడు వచ్చిన కుమారునకు దీనిని ఇవ్వుడు. భార్య మనస్సును అధికారముతోగాక ఓర్పుతో గెలువవలెనని తండ్రి చెప్పినచో వినని యువకుడు బాపిరాజుగారు చెప్పినచో వినును.

విశ్వనాథవారిని గూర్చి సంస్కారప్రియులైన పాఠకులకు సందేహము కలుగుట సహజము. వారు పాతకాలపు ధర్మమును గట్టిగ సమర్థించినవారు. కాని 1959లో కరీంనగరము కళాశాలకు ప్రధానాచార్యులుగ వచ్చి ఈ సీమలోనే నివసించిన ఈ మహారచయితను, మనతో ఏకీభవింపలేదని, మన ఇంటిలోనికి రానీయకుండుట సంస్కారము కాదు. వారి ఏకవీరను చదువుడు. మధుర నాయకరాజుల కాలమున ఇద్దరు మిత్రులు, ఒకడు ప్రేమించిన పడుచును మరియొకడు తెలియక పెండ్లాడుట ఇందలి చిక్కు. ధర్మము నిలిచినది, నలుగురి సుఖము కూలినది. పెద్దల నిర్ణయమును సమర్థింపవలెనని వ్రాసిన పుస్తకముకూడ, నిజాయితీగ వ్రాసినచో, ఆ నిర్ణయము యొక్క వెలను దాచలేదు. ఎదిరి పక్షమువాడు చెప్పిన సాక్ష్యమునకు విలువ ఎక్కువ.

ఇక చలముగారి మైదానము. 1927లో వెలువడిన ఈ చిన్న నవల నేటికిని కొన్ని ఇండ్లలో తాళము వేసిన పెట్టెలోనే యున్నది. వకీలు భార్య రాజేశ్వరి, అమీరు అను ముస్లిము యువకునితో ఇల్లు విడిచిపోవును. ఇంతమాత్రము విని పుస్తకమును మూయువారు కలరు. తుదివరకు చదివినవారికి అందు సుఖము మాత్రమే కనబడదు. అసూయ కనబడును, హింస కనబడును, స్వేచ్ఛకూడ ఎట్లు కొత్త బంధమగునో కనబడును. ఈ పుస్తకము పిల్లలను చెరచునని భయపడు తండ్రికి మా ప్రశ్న ఒక్కటే: రాజేశ్వరి ఇల్లు విడిచిపోవుటకు ముందు ఆ ఇంటిలో ఆమెతో మాటాడినవారు ఎందరు? ఆ ప్రశ్నకు మన ఇంటిలో జవాబున్నచో పుస్తకమునకు భయపడ నక్కరలేదు. ఐనను దీనిని మేము మొదటి పుస్తకముగ చెప్పము. పది నవలలు చదివిన పిదప చదువదగినది.

ఇన్ని చెప్పి తెలంగాణపు గడీని విడుచుట తగదు. దాశరథి రంగాచార్యులుగారు చిల్లర దేవుళ్లు అను నవలలో నిజాము కాలపు పల్లెను మనకు నిలిపిరి. ఈ నవలకు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. పిదప చలనచిత్రముగకూడ తీసిరి. సారంగపాణి అను సంగీతకారుడు పొరుగు సీమనుండి వచ్చి, దొరల ఆశ్రయమున నుండి, వెట్టిని, ఆడబాపల బ్రతుకును కన్నులార చూచును. ఆడబాప యనగా దొరల ఇంటి పెండ్లికూతురితోపాటు అత్తవారింటికి పంపబడిన దాసి. ఆమెకు పెండ్లి లేదు, తనదను ఇల్లు లేదు, దొర పిలిచినచో కాదనుటకు హక్కు లేదు. కొండగట్టు చుట్టు పల్లెలలో నేటికిని గడీల గోడలు నిలిచియున్నవి. ఆ గోడల లోపల ప్రేమయను మాటకు అర్థము ఏమై యుండెనో ఈ నవల చదువక తెలియదు. తమ ఇంటి ప్రేమకథలను ముద్దుగ చెప్పుకొను ధనికులు, ఎవరి పెండ్లి ఊరేగింపులో ఎవరి పిల్లను కానుకగ పంపిరో తెలిసికొనవలెను.

ఆ పల్లెలు ఎల్లకాలము ఊరకుండలేదు. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీలు వేలకొలది ఊరేగిరి. ఆ యేండ్ల సంఘర్షణనుండియే మంథని ప్రాంతపు అల్లము రాజయ్యగారి కొలిమంటుకున్నది మొదలగు నవలలు వచ్చినవి. సాహుతో కలిసి ఆయన వ్రాసిన కొమురము భీము నవల 1940లో ఆదిలాబాదు అడవులలో జోడేఘాటు వద్ద ప్రాణములర్పించిన గోండు వీరుని కథ. ఈ పుస్తకములలో ప్రేమకథను వెదకువారు నిరాశపడుదురని కొందరందురు. కాని పాలేరు కాపురము నిలుచుట అతని కూలిపైనను, దొర దృష్టిపైనను ఆధారపడియుండగా, ఆ కాపురపు ప్రేమను కూలినుండి విడదీసి ఎట్లు చెప్పగలము?

స్త్రీలు తామే కలము పట్టిన పిదప వచ్చిన నవలలను గూర్చి వేరుగ చెప్పవలెను. 1960ల దశకమున వారపత్రికలు, మాసపత్రికలు ఇంటింట చేరినవి. ఇల్లాండ్రు వాటికి ముఖ్య పాఠకులైరి. యద్దనపూడి సులోచనారాణిగారి సెక్రటరి ఆ కాలపు ప్రేమకథలలో మిక్కిలి ప్రఖ్యాతి కన్నది. ధనవంతుడైన నాయకుడు, ఆత్మాభిమానము గల ఉద్యోగిని — ఈ కథను లక్షలమంది ప్రేమించుటను మేము నవ్వులాటగ తీసికొనము. ఉద్యోగము చేయు పడుచు గౌరవమునకు అర్హురాలని ఆ కథ ఎందరో తల్లిదండ్రులకు నేర్పినది. కాని ధనవంతుడు వచ్చి పెండ్లాడుటతో చిక్కులన్నియు తీరునను నమ్మకము ఆ దారిలో తరువాత వచ్చిన వందలాది నవలలలో పాతుకొన్నది. అది మాయల ఫకీరును తిరుగవేసి వ్రాసినట్లు: అచ్చట మంత్రము హరించును, ఇచ్చట మంత్రము రక్షించును.

దానికి విరుగుడుగ ముప్పాళ్ల రంగనాయకమ్మగారి బలిపీఠమును చదువవలెను. బ్రాహ్మణ వితంతువైన అరుణ, హరిజనుడైన భాస్కరు — ఆదర్శముతో జరిగిన వివాహము. కథ పెండ్లితో ముగియదు, పెండ్లితో మొదలగును. కులము పీటలపై ఓడిపోయి వంటయింట గెలుచుట ఎట్లో అందు చూతుము. కులాంతర వివాహములను ప్రోత్సహించు మనవంటివారు ఈ పుస్తకమును తప్పక చదువవలెను. అభినందనసభతో మన బాధ్యత తీరదని అది నేర్పును.

ఇప్పుడు మా మిత్రులకు తుది మనవి. మీకొక పట్టిక, మీ పిల్లలకొక పట్టిక వలదు. మొదట అబల జీవితము, పిమ్మట రాజశేఖర చరిత్రము, నారాయణరావు, మాలపల్లి. వాటి వెనుక ప్రజలమనిషి, చిల్లర దేవుళ్లు, బలిపీఠము. కడపట ఏకవీరయు, మైదానమును. ఈ వరుసలో ఇంటిల్లిపాది చదువుడు. ఒకే ప్రతి చాలును. అది చేతులు మారవలెను. రాత్రి భోజనమైన పిదప దానిని గూర్చి మాటాడుకొనుడు. కమల చేసినది తప్పా అని కుమార్తె అడిగినచో, అట్టి మాటలు ఆడరాదని నోరు మూయింపకుడు. మీ అభిప్రాయము చెప్పి, ఆమె అభిప్రాయము అడుగుడు. కుమారుడు శారదను నిందించినచో, నారాయణరావు ఓర్పును గుర్తు చేయుడు. మీ ఇల్లాలు చదువుటకు తీరిక లేదనినచో, ఆ తీరిక ఎందుకు లేదో ఇంటివారందరు ఆలోచింపుడు. బహుశః ఆ ఆలోచనయే మీ ఇంటి మొదటి నవల కావచ్చును.

తన మనస్సులోని మాటను ఇంటిలో చెప్పగల పిల్ల, చెప్పినప్పుడు విను తండ్రి — ఈ ఇద్దరిని సిద్ధము చేయుటకే మేము ఈ పుస్తకములను చెప్పుచున్నాము. అట్టి ఇంటివారు కొండగట్టు మెట్లెక్కిన మొక్కు తీర్చుటకే ఎక్కుదురు. కొబ్బరికాయ కొట్టి, కోతులకు పండ్లు పెట్టి, కుమార్తెతో కబుర్లు చెప్పుకొనుచు దిగివత్తురు.